సింథ్‌కి మొదటి మాడ్యూల్ మీరే చేసుకోవాలంటే: వైజాగ్‌లో దొరికే సామానుతో ఒక ఎల్‌ఎఫ్‌ఓ

మాడ్యులర్ సింథసైజర్ (ఒక్కో పని చేసే విడివిడి మాడ్యూళ్ళను తీగలతో కలిపి శబ్దం పుట్టించే వాద్యం) మోజు పట్టినవాళ్ళు చాలామంది మొట్టమొదట వీసీఓ, అంటే ఇచ్చిన వోల్టేజీని బట్టి స్వరం పలికే ఓసిలేటర్, చేద్దామనుకుంటారు, మోగేది అదే కదా అని. నా మాట వింటే ఇప్పుడే దాని జోలికి పోకండి. వీసీఓ శ్రుతిలో ఉండాలంటే వోల్టేజీని స్వరాల అంతరాలకు సరిపోయేలా మార్చే ఎక్స్‌పొనెన్షియల్ కన్వర్టర్ కావాలి, అందులోని ట్రాన్సిస్టర్లు వేడిని బట్టి మారిపోతుంటాయి, ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం శ్రుతి చేసి పెట్టినది రాత్రికి తప్పుతుంది, ఇక తప్పు సర్క్యూట్‌దా సోల్డరింగ్‌దా ఎండదా తేల్చుకోలేక మొత్తం అటకెక్కించేస్తారు. ముందు ఎల్‌ఎఫ్‌ఓ చేయండి. ఒకే ఒక్క ఐసీ, ప్రతి విలువా కాగితం మీద లెక్క కట్టుకోవచ్చు, పని చేస్తుందో లేదో ఎల్‌ఈడీ చూసి చెప్పేయొచ్చు.

ఎల్‌ఎఫ్‌ఓ (లో ఫ్రీక్వెన్సీ ఓసిలేటర్) అంటే మెల్లగా పైకీ కిందకీ ఊగే వోల్టేజీ, అంతే. సెకనుకు 20 సార్ల లోపు ఊగుతుంది కాబట్టి చెవికి దానంతట అది వినపడదు. వీసీఓ పిచ్‌కి ఇస్తే స్వరం ఊగుతుంది, ఫిల్టర్‌కి ఇస్తే వావ్ వావ్ అంటుంది, ధ్వని మోతాదు నడిపే వీసీఏకి ఇస్తే శబ్దం పెరిగి తగ్గుతుంది. పిచ్‌కి ఇచ్చినదాన్ని గమకం అని మురిసిపోకండి, వీణ మీద వేలు లాగినట్టు ఇది ఎక్కడ ఆగాలో తెలిసి ఊగదు, గడియారంలా ఒకేలా ఊగుతుంది.

ముందుగా కొలతలు

మనం చేసేది యూరోరాక్ పద్ధతిలో. 1990ల మధ్యలో జర్మనీకి చెందిన డోప్ఫర్ కంపెనీ తన ఏ-100 సింథ్ కోసం పెట్టుకున్న కొలతలు ఇవి, ఇప్పుడు చిన్నాపెద్దా తయారీదార్లు చాలామంది ఇవే పాటిస్తున్నారు. ప్యానెల్ ఎత్తు 128.5 మిల్లీమీటర్లు. వెడల్పును హెచ్‌పీల్లో చెబుతారు, ఒక హెచ్‌పీ 5.08 మిల్లీమీటర్లు. కరెంటు ప్లస్ 12, మైనస్ 12 వోల్టులు, మధ్యలో గ్రౌండ్. వైర్లు 3.5 మిల్లీమీటర్ల మోనో జాక్‌లు. పిచ్‌కి ఒక వోల్టు పెరిగితే ఒక స్థాయి (ఆక్టేవ్) పెరుగుతుంది, అంటే స్థాయిలోని 12 స్వరస్థానాలను సమానంగా పంచితే ఒక్కోదానికి సుమారు 83 మిల్లీవోల్టులు. ఈ 83 గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇదంతా మనకు బొత్తిగా కొత్తదేం కాదు. 1969లోనే అహ్మదాబాద్ ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) అమెరికన్ సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ చేతుల మీదుగా మోగ్ మాడ్యులర్ సింథ్‌తో ఒక ఎలక్ట్రానిక్ సంగీతం స్టూడియో మొదలైంది.

సర్క్యూట్ ఎలా ఆలోచించాలి

ఐసీ టీఎల్072. ఎనిమిది కాళ్ళు, లోపల రెండు ఆపాంప్‌లు (రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను విపరీతంగా పెంచే ఆంప్లిఫయర్లు). ఒకదాన్ని కంపారేటర్‌గా, రెండోదాన్ని ఇంటిగ్రేటర్‌గా వాడతాం. ఇంటిగ్రేటర్ కుళాయి కింద పెట్టిన బిందె లాంటిది, ధార ఎంత లావుంటే అంత త్వరగా నిండుతుంది. ఇక్కడ ధార అంటే రెసిస్టర్ గుండా వచ్చే కరెంటు, బిందె కెపాసిటర్. వోల్టేజీ ఒక గీత దాటగానే కంపారేటర్ తిరగబడుతుంది, ధార దిశ మారుతుంది, కెపాసిటర్ ఖాళీ అవడం మొదలవుతుంది, కింది గీత దాటగానే మళ్ళీ తిరగబడుతుంది. ఇంటిగ్రేటర్ నుంచి త్రికోణం ఆకారం, కంపారేటర్ నుంచి చదరం ఆకారం, రెండూ ఊరికే వస్తాయి.

ఇప్పుడు విలువలు. ప్లస్ మైనస్ 12 మీద టీఎల్072 అవుట్‌పుట్ సుమారు 10.5 వోల్టుల దాకా వెళుతుంది. మనకు త్రికోణం ప్లస్ మైనస్ 5 వోల్టులు చాలు. గీత ఎక్కడుండాలో రెండు రెసిస్టర్లు నిర్ణయిస్తాయి: త్రికోణం నుంచి వచ్చేది 47 కె (కిలోఓం), చదరం నుంచి వచ్చేది 100 కె. 10.5ని 0.47తో గుణిస్తే 4.9. సరిపోయింది.

వేగం దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే నెట్‌లో దొరికే చాలా బొమ్మల్లో ఇంటిగ్రేటర్ ముందు 1 మెగాఓం పాట్ (నాబ్‌తో తిప్పే రెసిస్టర్) ఒకటి వరసలో పెట్టేసి వదిలేస్తారు. దానికి రెండు జబ్బులు. ఒకటి, వేగం రెసిస్టెన్స్‌కి విలోమంగా మారుతుంది కాబట్టి వేగమైన భాగమంతా నాబ్ చివరి మూలలో ఇరుక్కుంటుంది, వెంట్రుకవాసి తిప్పితే ఎక్కడికో పోతుంది. రెండోది మన ఊరి జబ్బు. రెసిస్టెన్స్ ఎంత పెద్దదైతే బోర్డు మీది లీకేజీకి అంత లొంగుతుంది. మనకేమో సముద్రం గాలి, సోల్డరింగ్‌లో మిగిలే జిగురు ఫ్లక్స్ సరిగ్గా తుడవని బోర్డు తేమ పీల్చుకుని కాళ్ళ మధ్య కొద్దికొద్దిగా కరెంటు పారనిస్తుంది, బీచ్ రోడ్డు వైపో పెదవాల్తేరులోనో ఇల్లుంటే ఇది మరీ పట్టించుకోవాలి.

కాబట్టి మనం పాట్‌ని వోల్టేజీ పంచేదానిగా వాడదాం. 10 కె పాట్ ఒక చివర చదరం అవుట్‌పుట్‌కి, రెండో చివర 100 ఓం రెసిస్టర్ గుండా గ్రౌండ్‌కి. మధ్య కాలు నుంచి 47 కె రెసిస్టర్ గుండా ఇంటిగ్రేటర్‌కి. కెపాసిటర్ 1 మైక్రోఫారాడ్. పాట్ పూర్తిగా తిప్పితే 10.5 వోల్టులు 47 కె గుండా, అంటే సుమారు 223 మైక్రోఆంపియర్లు. కెపాసిటర్ మైనస్ 4.9 నుంచి ప్లస్ 4.9కి వెళ్ళడానికి 44 మిల్లీసెకన్లు, రానూపోనూ 88, అంటే సెకనుకు 11 సార్లు. పాట్ పూర్తిగా తగ్గిస్తే ఆ 100 ఓం పుణ్యమా అని దాదాపు నూటొకటో వంతు వోల్టేజీ మిగులుతుంది, ఒక ఊగు పూర్తవడానికి 9 సెకన్లు పడుతుంది. ఆ 100 ఓం లేకపోతే నాబ్ సున్నాకి చేరగానే ఎల్‌ఎఫ్‌ఓ ఆగిపోతుంది. లీనియర్ బదులు వాల్యూమ్ కంట్రోల్‌గా అమ్మే లాగ్ పాట్ కొనండి, నెమ్మది భాగం నాబ్ మీద విశాలంగా పరచుకుంటుంది.

ఇంకొకటి గమనించారా? సప్లై తగ్గితే ధారా తగ్గుతుంది, గీతలూ అదే నిష్పత్తిలో దగ్గరకొస్తాయి, కాబట్టి వేగం దాదాపు మారదు. అందుకే దీన్ని రెండు 9 వోల్టుల బ్యాటరీలతో బల్ల మీద పరీక్షించుకోవచ్చు, వేగం లెక్కలు అవే ఉంటాయి, త్రికోణం మాత్రం మూడున్నర వోల్టుల దగ్గర ఆగుతుంది.

ఒక టాగిల్ స్విచ్ పెట్టి రెండో పక్క 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెడితే సెకనుకు 1 నుంచి 113 దాకా వెళుతుంది. అవసరం లేదు, కానీ పెడితే సరదా, పైభాగంలో పిచ్‌కి ఇస్తే గొంతు గరగరలాడినట్టు వస్తుంది.

కొనేటప్పుడు

డాబాగార్డెన్స్, జగదాంబ వైపు ఎలక్ట్రానిక్స్ కొట్లలో ఇవన్నీ అడగండి. కొట్లో చలామణి అయ్యే పేర్లతో అడిగితే పని తొందరగా అవుతుంది: 3.5 జాక్‌ని ఈపీ సాకెట్ అంటారు, ఐసీ సాకెట్‌ని ఐసీ బేస్, పాట్‌ని కంట్రోల్, రిబ్బన్ కేబుల్ కనెక్టర్‌ని ఎఫ్‌ఆర్‌సీ. 1 మైక్రోఫారాడ్‌ని 105 బాక్స్ కెపాసిటర్ అని, 0.1ని 104 అని అడగాలి. ఎలక్ట్రోలైటిక్ ఇస్తే మాత్రం తీసుకోకండి, ఇక్కడ వోల్టేజీ రెండు దిక్కులా తిరుగుతుంది కాబట్టి పోలారిటీ లేనిదే కావాలి.

టీఎల్072 అయిపోయిందంటే "4558 తీసుకెళ్ళండి మాస్టారూ, ఒకటే" అంటారు. కాళ్ళ వరకు నిజంగానే ఒకటే, పని కూడా చేస్తుంది. కానీ నెమ్మది చివర మన ధార 2 మైక్రోఆంపియర్లే, 4558 ఇన్‌పుట్ అందులో కాస్త తానే తాగేస్తుంది, ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయాలు తేడా వస్తాయి. టీఎల్072 ఇన్‌పుట్ జేఎఫ్ఈటీ, దానికి ఆ బాధ లేదు. ఒకరోజు ఆగైనా అదే తెచ్చుకోండి.

మొత్తం సామాను ఇది: టీఎల్072, ఎనిమిది కాళ్ళ బేస్, 47 కె రెండు, 100 కె ఒకటి, 10 కె రెండు, 1 కె ఒకటి, 2.2 కె ఒకటి, 100 ఓం ఒకటి, 10 కె లాగ్ కంట్రోల్ ఒకటి, 10 కె లీనియర్ ఒకటి, 105 ఒకటి, 104 మూడు, 10 మైక్రోఫారాడ్ 25 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ రెండు, 1ఎన్5819 డయోడ్లు రెండు, మోనో ఈపీ సాకెట్లు రెండు, ఎరుపు, పచ్చ ఎల్‌ఈడీలు ఒక్కొక్కటి, చిన్న టాగిల్ స్విచ్, పది కాళ్ళ ఎఫ్‌ఆర్‌సీ, చుక్కల బోర్డు ముక్క. రెసిస్టర్లు ఒక్కోటి నాలుగైదు ఎక్కువే తీసుకోండి, వాటి ధర ఆటో చార్జీ ముందు ఏపాటిది.

బ్రెడ్‌బోర్డు మీద

సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోకముందే బ్రెడ్‌బోర్డు మీద పని చేయించాలి. ఐసీని దాని మీది గాడి లేదా చుక్క ఎడమకు వచ్చేలా పెడితే 1వ కాలు కింద ఎడమ మూల, అక్కడి నుంచి గడియారానికి ఎదురు దిశలో లెక్క.

8వ కాలు ప్లస్‌కి, 4వ కాలు మైనస్‌కి. రెండు 9 వోల్టుల బ్యాటరీలను వరసలో కలిపి, కలిసిన చోటును గ్రౌండ్ అనుకోండి.

2, 5 కాళ్ళు గ్రౌండ్‌కి.

3వ కాలు నుంచి 100 కె ద్వారా 1కి, 47 కె ద్వారా 7కి.

6, 7 కాళ్ళ మధ్య 105 కెపాసిటర్.

1వ కాలు నుంచి లాగ్ పాట్ పై చివరకి, కింది చివర 100 ఓంతో గ్రౌండ్‌కి, మధ్య కాలు 47 కె ద్వారా 6కి.

7వ కాలు నుంచి 2.2 కె, ఆ తర్వాత ఎరుపు పచ్చ ఎల్‌ఈడీలు ఒకదానికొకటి తిరగేసి పక్కపక్కన, అక్కడి నుంచి గ్రౌండ్‌కి. ఒక్క ఎల్‌ఈడీతో సరిపెట్టకండి, ఎల్‌ఈడీ వెనక్కి తట్టుకునేది సాధారణంగా 5 వోల్టులే, మనం 12 మీద పెట్టినప్పుడు ఆ అంచు దాకా వెళతాం. రెండు పెడితే ఒకదాన్నొకటి కాచుకుంటాయి.

బ్యాటరీ తగిలించి నాబ్ తగ్గించండి. ఎరుపు మెల్లగా వెలిగి, నిండుగా వచ్చి, తగ్గి, ఒక్క క్షణం రెండూ ఆరి, పచ్చ వెలగడం మొదలవ్వాలి. ఆ మధ్యలో ఆరిన క్షణం చూసి కంగారు పడకండి, వోల్టేజీ సున్నా దాటుతున్నప్పుడు ఎల్‌ఈడీలకు సరిపోయేంత ఉండదు, అంతే.

వెలగలేదనుకోండి, మల్టీమీటర్ నల్ల తీగ గ్రౌండ్‌కి పెట్టి 1వ కాలూ 7వ కాలూ చూడండి. 1 పూర్తి ప్లస్‌లో, 7 పూర్తి మైనస్‌లో బిగుసుకుపోతే 7 నుంచి 3కి రావాల్సిన 47 కె ఎక్కడో అందట్లేదు, లేదా 2, 3 కాళ్ళు తారుమారయ్యాయి. 1 బిగుసుకుని 7 సున్నా దగ్గరే కదలకుండా ఉంటే పాట్ నుంచి 6కి వచ్చే దారి తెగింది, లేదా కెపాసిటర్ షార్ట్. రెండూ సున్నా దగ్గర తచ్చాడుతుంటే 8, 4 కాళ్ళకు కరెంటు అందుతోందో లేదో చూడండి. ఐసీ పట్టుకోలేనంత వేడెక్కితే 4, 8 తిరగబడ్డాయి, వెంటనే పీకేయండి.

ఈ అవుట్‌పుట్‌ని చూడాలని తీసుకెళ్ళి ఫోన్‌కో లాప్‌టాప్ మైక్‌కో గుచ్చకండి. అవి మిల్లీవోల్టుల కోసం చేసినవి, ఇది 5 వోల్టులు.

అవుట్‌పుట్‌లు, కరెంటు

ఇప్పుడు ఆ 83 దగ్గరికొద్దాం. ప్లస్ మైనస్ 5 వోల్టులు నేరుగా పిచ్‌కి ఇస్తే స్వరం ఐదు స్థాయిలు పైకీ ఐదు కిందకీ పోతుంది, అంబులెన్స్ సైరన్ కూడా సిగ్గుపడుతుంది. అందుకే మోతాదు నాబ్ కావాలి. 7వ కాలు నుంచి 10 కె లీనియర్ పాట్ పై చివరకి, కింది చివర గ్రౌండ్‌కి, మధ్య కాలు 1 కె ద్వారా త్రికోణం సాకెట్‌కి. ఆ 1 కె ఎందుకంటే జాక్ గుచ్చేటప్పుడు ఒక్క క్షణం షార్ట్ అవుతుంది, ఐసీ మీద భారం పడకుండా. చదరానికి 1వ కాలు నుంచి 10 కె, అక్కడ సాకెట్, సాకెట్ నుంచి మరో 10 కె గ్రౌండ్‌కి, 10.5 కాస్తా 5 చిల్లరకి దిగుతుంది.

కరెంటు కనెక్టర్‌లో పది కాళ్ళు, రెండేసి చొప్పున ఐదు జతలు: ఒక చివర మైనస్ 12, మధ్య మూడు జతలూ గ్రౌండ్, రెండో చివర ప్లస్ 12. కేబుల్ మీద ఎర్ర గీత మైనస్ 12 వైపు వస్తుంది. ఎరుపు అంటే ప్లస్ అనుకునే మన అలవాటుకి ఇది పూర్తిగా ఎదురు, అందుకే బోర్డు మీద మార్కర్‌తో రాసుకోండి. ఎవరైనా తిప్పి గుచ్చినా ఐసీ బతకడానికి డయోడ్లు: ప్లస్ దారిలో గీత ఉన్న చివర బోర్డు వైపు, మైనస్ దారిలో గీత ఉన్న చివర కనెక్టర్ వైపు. డయోడ్ల తర్వాత 10 మైక్రోఫారాడ్‌లు. ప్లస్ లైన్‌లోది మామూలే, మైనస్ లైన్‌లో కెపాసిటర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కి పోవాలి. ఐసీ 8, 4 కాళ్ళకు వీలైనంత దగ్గరగా ఒక్కో 104 గ్రౌండ్‌కి. మూడో 104 స్విచ్ కోసం.

సప్లై కూడా మీరే చేస్తానంటే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912తో అయిపోతుంది, కానీ 7912 కాళ్ళ వరస 7812 లాంటిది కాదు, వీపున ఉన్న లోహం కూడా గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్. రెండిటినీ ఒకే హీట్‌సింక్‌కి మైకా లేకుండా బిగిస్తే షార్ట్. 230 వోల్టుల వైపు అలవాటు లేకపోతే రెడీమేడ్ కొనడమే నయం, ఇందులో పౌరుషానికి పోవాల్సిందేం లేదు.

సోల్డరింగ్

25 వాట్ల ఐరన్ చాలు. ఫ్యాన్ ఆపండి. వైజాగ్ ఉక్కలో ఫ్యాన్ ఆపమంటే తిట్టుకుంటారని తెలుసు, కానీ నేరుగా గాలి తగులుతుంటే టంకం పూర్తిగా పారకముందే చల్లారి మసకగా గడ్డకడుతుంది. కిటికీ తీసి పెట్టుకుని, పొగ మొహానికి రాకుండా పక్కకు కూర్చోండి. ముందు పొట్టివి, అంటే రెసిస్టర్లు, డయోడ్లు, తర్వాత బేస్, తర్వాత కెపాసిటర్లు. ఐసీని బేస్‌లో చివర్న పెట్టాలి, అది కూడా ముందు ఖాళీ బేస్‌కి కరెంటిచ్చి 8వ కాలు దగ్గర ప్లస్, 4వ కాలు దగ్గర మైనస్ వస్తున్నాయని మీటర్‌తో చూసుకున్నాకే.

అయ్యాక పాత టూత్‌బ్రష్‌తో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఫ్లక్స్ అంతా కడగండి. ముఖ్యంగా 6వ కాలు చుట్టూ, సర్క్యూట్‌లో లీకేజీకి అన్నిటికన్నా లొంగేది అదే. పూర్తిగా ఆరాక రాగి వైపు పీసీబీ లాకర్ ఒక పూత వేస్తే ఉప్పుగాలి నుంచి కాపాడుతుంది. సాకెట్లకూ పాట్‌లకూ లాకర్ తగలనివ్వకండి, టేపు వేసేయండి.

ప్యానెల్

6 హెచ్‌పీ తీసుకుందాం, 30 మిల్లీమీటర్ల వెడల్పు. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. గాజువాక ఆటోనగర్‌లో షీట్‌మెటల్ పని చేసేవాళ్ళకి కొలత గీసిన కాగితం ఇస్తే కట్ చేసిస్తారు, ఇంత చిన్న ముక్క కోసం వచ్చారా అని చూస్తారు, ఒకేసారి నాలుగైదు ముక్కలు కోయించుకోండి. నేమ్‌ప్లేట్లు చేసేవాళ్ళ దగ్గర లేజర్ కటింగ్ అక్రిలిక్ కూడా బాగుంటుంది, కానీ 3 మిల్లీమీటర్లది తీసుకుంటే ఈపీ సాకెట్ మర నట్టుకి అందకపోవచ్చు, 2 అడగండి.

రాక్‌కి బిగించే ఎం3 బోల్టు రంధ్రాలు ఎడమ అంచు నుంచి 7.5, పై అంచు నుంచి 3 మిల్లీమీటర్లు, కిందా అలాగే. రెండిటి మధ్య 122.5 రావాలి. డ్రిల్ 3.2. మిగతావి పై నుంచి కొలిస్తే, ఎల్‌ఈడీలు 18 దగ్గర, వేగం నాబ్ 36, మోతాదు నాబ్ 62, స్విచ్ 84, కింద 106 దగ్గర రెండు సాకెట్లు పక్కపక్కన, ఎడమ నుంచి 9, 21. మీరు కొన్న పాట్, సాకెట్, స్విచ్ మర వ్యాసం కొలిచి దానికన్నా కొంచెమే పెద్ద రంధ్రం వేయండి, కొట్టుకి కొట్టుకి తేడా ఉంటుంది. ముందు సెంటర్ పంచ్‌తో గుంట కొట్టకపోతే డ్రిల్ జారి గీత పడుతుంది. పైన కిందా 10 మిల్లీమీటర్లు వెనక రాక్ పట్టాలు ఉంటాయి కాబట్టి బోర్డు ఎత్తు 108 దాటనివ్వకండి.

నాబ్‌ల పేర్లు తెలుగులోనే రాసుకోండి, వేగం, మోతాదు, స్టిక్కర్ కటింగ్ కొట్లో అక్షరాలు కోసిస్తారు. ఇంగ్లిష్‌లో రేట్, డెప్త్ అని ఉన్న మాడ్యూళ్ళ మధ్య ఇది వేరేగా కనిపిస్తుంది, నాకైతే అదే నచ్చుతుంది.

వాడేటప్పుడు

రాక్ ఆఫ్ చేశాకే కేబుల్ గుచ్చండి. త్రికోణాన్ని వీసీఓ పిచ్‌కి ఇచ్చి, మోతాదు సున్నా నుంచి చాలా కొద్దిగా పెంచండి, వేగం సెకనుకు ఐదారు దగ్గర. అటూ ఇటూ సగం స్వరస్థానం ఊగితే చాలు, అంటే 40 మిల్లీవోల్టులు, నాబ్ దాదాపు కదలనట్టే ఉంటుంది. పిచ్ కోసమే ఎక్కువ వాడతానంటే 7వ కాలుకూ మోతాదు పాట్‌కూ మధ్య 39 కె వరసలో పెట్టండి, మొత్తం నాబ్ ఒక వోల్టులోకి సర్దుకుంటుంది.

చదరాన్ని ఎన్వలప్ (ఒక్కో స్వరం ఎలా లేచి ఎలా ఆరాలో నడిపే మాడ్యూల్) గేట్‌కి, అంటే దాన్ని మొదలుపెట్టే ఇన్‌పుట్‌కి, ఇస్తే దానంతట అదే టక్ టక్ అని వాయించుకుంటుంది. కొన్ని మాడ్యూళ్ళ గేట్ ఇన్‌పుట్‌లు మైనస్ వోల్టేజీని ఇష్టపడవు, అలాంటిది మీ దగ్గరుంటే ఆ సాకెట్‌కి ముందు ఒక 1ఎన్4148 డయోడ్ వేయండి, గీత చివర సాకెట్ వైపు. రెండో 10 కె మాత్రం డయోడ్‌కి ముందు వైపే ఉండిపోవాలి, సాకెట్ నుంచి గ్రౌండ్‌కి విడిగా ఒక 100 కె వేయాలి, లేకపోతే పైకెక్కిన గేట్ కిందకి దిగదు.